పాతూరి బట్టీలో ఏడు లెక్క

ఆ ఉదయం నా ఉగ్గాని ప్లేటులో కొన్ని బొరుగుల మీద ఆవగింజ కన్నా చిన్న నల్లటి చుక్కలు కనిపించాయి. మొదట తాలింపులోని ఆవాలే అనుకున్నాను. గోటితో గీకి చూస్తే ఊడలేదు. అది మాడిన గుర్తు.

ఈ ప్రయాణానికి కారణం బెంగళూరులో ఉండే మా పిన్ని కూతురు. వచ్చే నెల వస్తానని చెబుతూ, అనంతపురంలో ఒక రోజంతా చూడడానికి ఏముందని అడిగింది. లేపాక్షి, పెనుకొండ, తాడిపత్రి అని రాసి పంపాను. "అవేవీ మీ ఊరు కాదు కదా" అని జవాబు వచ్చింది. నా దగ్గర వేరే పేరు లేదు. అందుకే మొన్న ఆదివారం, రైలు దిగిన కొత్త మనిషిలా, ఉదయం ఆరున్నరకు స్టేషన్ ముందు నిలబడ్డాను. మొదట ఏ సందేహం కలిగితే దాని వెంటే పోవాలని ఒక్క నియమం పెట్టుకున్నాను.

స్టేషన్ బయట రెండు నిమిషాలు నడిస్తే ఒక రేకుల హోటల్ ఉంది. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కలిపి నలభై రూపాయలు. బయటి ఊళ్ల వారి కోసం చెబుతున్నాను: బొరుగులను, అంటే మరమరాలను, నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో తాలింపు వేసి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. ప్లేటు ఖాళీ అయ్యేదాకా ధైర్యం కూడగట్టుకుంటూ కూర్చున్నాను. కాన్వెంటులో చెయ్యెత్తి, పేరు పిలిచాకే నోరు తెరిచిన అలవాటు నాది. హోటల్లో ఎవరూ పేరు పిలవరు. చివరికి యజమాని ఓబులేసు బల్ల తుడవడానికి వచ్చినప్పుడు, "అన్నా, ఈ చుక్కలేంటివి?" అన్నాను.

"నువ్వు గూడా చూసినావా పాపా? నెల నుంచి ఇదే గోల. నిన్న ఒకాయన పురుగులంటాడు. పురుగులు యాడివప్పా, మాడినాయి అంటే ఇనడు."

పాతూరులో ఎర్రక్క బొరుగుల బట్టీ నుంచి తెస్తానని, వాళ్ల నాయన కాలం నుంచీ అదే వాడుక అని చెప్పాడు. "ఆయమ్మ కూర్చున్నన్నాళ్లూ మల్లెపూలు. ఇప్పుడు కోడలు ఏపుతాంది. ఈపొద్దు తొమ్మిదికి పోయి ఎదురుగా ఏపించి చూస్తా. బాగుంటే సరి. లేకుంటే రేపట్నుంచి మిషన్ బొరుగులే. ఏజెంటు దినామూ ఫోన్ చేస్తానే ఉండాడు." ఆ తర్వాత నన్ను పరీక్షగా చూశాడు. "నీకెందుకివన్నీ? పేపరామెవా?"

"కాదన్నా. ఊరికే ఫోన్‌లో రాస్తాను."

"అట్లయితే బజ్జీల గురించి రాయి. చుక్కలు రాయొద్దు."

స్టేషన్ నుంచి టవర్ క్లాక్ దాకా షేర్ ఆటోకు పదిహేను రూపాయలు. బొరుగుల బట్టీ చూడ్డానికి వెళుతున్నానని చెబితే డ్రైవర్ వెనక్కి తిరిగి, "బొరుగులు చూసేకి పోతాండావా? బిరీన పో పాపా, టికెట్లు అయిపోతాయేమో" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. టవర్ క్లాక్ నుంచి పాతూరు సందులకు నడక పది నిమిషాలు. ఎనిమిదింపావుకు బట్టీ ముందున్నాను.

ముందు అరుగు, లోపల మసిబారిన గది, గదిలో నడుము ఎత్తు మట్టి పొయ్యి. అరుగు మీద కూర్చున్న అరవై దాటిన ఆమె ఎర్రక్క. పొగకు ఆయాసం పట్టిందని డాక్టరు పొయ్యి దగ్గరికి పోవద్దన్నాడట. నెల నుంచి కోడలు మంజుల వేపుతోంది. పొయ్యి మీద పెద్ద ఇనుప మూకుడు, అందులో బాగా కాలిన నల్లటి ఇసుక. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యం ఒక డబ్బాడు అందులో పోసి, మంజుల పుల్లల కట్టతో తిప్పడం మొదలుపెట్టగానే, బయట అరుగు మీద నుంచి ఎర్రక్క గట్టిగా లెక్కపెట్టింది: ఒకటీ, రెండూ, మూడూ. నాలుగు దగ్గర గింజలు ఎగిరాయి. ఏడు అనగానే మంజుల మొత్తం తోడి జల్లెడలో పోసింది. ఇసుక కిందికి రాలి, జల్లెడ నిండా తెల్లటి బొరుగులు మిగిలాయి. పుట్టినప్పటి నుంచి తింటున్న వస్తువు ఏడు అంకెల్లో తయారవడం నేను అప్పుడే చూశాను. అంత తక్కువసేపు పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

తొమ్మిదికి ఓబులేసు స్కూటర్ మీద వచ్చాడు. ఒక వాయి తీయించి, గుప్పెడు బొరుగులు అరచేతిలో పరిచి వెలుతురులో పెట్టాడు. చుక్కలున్నాయి. రెండో వాయిలోనూ ఉన్నాయి.

"చూడక్కా."

"నాకేం చూపిస్తావప్పా? లెక్క తప్పలేదు. ఏడూ నేనే అంటి కదా" అంది ఎర్రక్క.

"లెక్క తింటారా జనం?" అంటూ అతను జేబులోంచి ఫోన్ తీశాడు. "తప్పుగా అనుకోవద్దు. ఇంగ నా వల్ల కాదు."

ఎర్రక్క ముఖం పాలిపోయింది. ఆ హోటల్ పోతే పొయ్యి వెలిగించడమే దండగని ఆమె అంతకు ముందే నాతో చెప్పింది. అతను నంబరు వెతుకుతుండగా నేను మంజులను అడిగాను: "ఏడే ఎందుకక్కా?"

"మా అత్త నేర్పిచ్చింది" అంది మంజుల.

"నాకు మా అత్త" అంది ఎర్రక్క బయటి నుంచి.

మంజుల పొయ్యిలోకి చూస్తూ, "అప్పుడు పొట్టు మంట" అంది. తర్వాత ఒక్కొక్క మాటగా బయటికొచ్చింది. ఆ పొయ్యికి ఎప్పుడూ చెనక్కాయల పొట్టే, అంటే వేరుశనగ పొట్టే, వంట చెరకు. ఈ ఏడాది వానల్లేక చెనక్కాయ పంట ఎండింది, మిల్లుల్లో పొట్టు లేదు. నెల నుంచి తుమ్మ కట్టెలు కాలుస్తున్నారు. "పొట్టు మంట మెత్తన. కట్టె మంట మొండిది. ఏడు దాకా ఆగదు."

"తెలిసి తెలిసీ నెల నుంచి మాడుస్తాండావామే?" అంది ఎర్రక్క.

"నువ్వు ఆడ కూర్చోని ఏడు అంటాండావు. నేను అయిదుకే ఎత్తితే ఊరుకుంటావా? పొద్దుగూకులూ తిడతావు."

"అత్తాకోడళ్ల మర్యాదకు నా ఉగ్గాని మాడిపాయనే" అన్నాడు ఓబులేసు.

ఎర్రక్క కొంగుతో మోకాళ్ల మీది దుమ్ము దులుపుకుంది. "సరే, ఎత్తు. నేను నోరు తెరవను" అంది. మూడో వాయికి లెక్క వినిపించలేదు. మంజుల ఇసుక వైపే చూస్తూ తిప్పింది, ఎత్తింది. నా మనసులో లెక్క అయిదు దాటలేదు. ఓబులేసు బొరుగులు పరిచి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని నలిపాడు, కొన్ని నోట్లో వేసుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "రెండు మూటలు కట్టు" అన్నాడు.

అతను వెళ్లాక ఎర్రక్క అరుగు మీద నుంచే అంది: "ఊరికే కూర్చుంటే నాకు పొద్దు పోదు. అయిదు దాకా నేను అంటా."

"అను" అంది మంజుల.

మా జిల్లాలో కరువు గురించి చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను, పరీక్షల్లో రాశాను కూడా. పడని వాన ఒక పొయ్యిలో మంటను మార్చి, నా ప్లేటులో నల్ల చుక్కగా తేలుతుందని ఏ పాఠంలోనూ లేదు. దాన్ని కనిపెట్టిన మనిషి నెల రోజులు నోరు మూసుకునే ఉంది. పిన్ని కూతురికి పంపిన జాబితా నిన్న మార్చాను. అందులో ఇప్పుడు ఒకే పేరు ఉంది.

వెళ్లాలనుకునే వారికి ఒక సలహా: పదకొండుకు పొయ్యి ఆర్పేస్తారు, తొమ్మిదిలోపే చేరండి, నూలు బట్టలే వేసుకోండి. కట్టె మంటకు నిప్పురవ్వలు ఎగురుతాయి.

ఇది రాస్తున్న ఈ ఉదయం కూడా ఆరింటికి బట్టీ గొట్టం నుంచి పొగ లేచింది. అది మా మేడ మీద నుంచి కనిపిస్తుంది; ఇన్నాళ్లూ ఆ పొగ ఎక్కడిదో నాకు తెలియదు.