కుందేళ్ళ సొరుగులో చప్పుడు

ముందే చెప్పేస్తున్నాను, నేను దయ్యాల్ని నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా నరసరావుపేటలో చిన్నప్పుడు పందెం కట్టి శ్మశానం గోడెక్కి కూర్చుని, ఇంటికొచ్చి అమ్మ చేత చీవాట్లు తిన్నదాన్ని. ఇది చదివి నాకు తాయెత్తు కట్టించాలని ఎవరికైనా అనిపిస్తే ఆ తాయెత్తు వాళ్ళే కట్టుకోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నేను డబ్లిన్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాను. దక్షిణ అమెరికాలోని చిన్న జంతువులు ఎలా మారుతూ వచ్చాయి, ఏ నేలలో ఎలా బతుకుతాయి అన్నది మా చదువు. నా వంతుకి వచ్చింది టుకో-టుకో. చిన్న పందికొక్కంత ఉంటుంది. బతుకంతా నేల లోపలే. పళ్ళతోనూ గోళ్ళతోనూ బొరియలు తవ్వుకుంటుంది. బొరియలోంచి అది చేసే చప్పుడు వల్లే దానికా పేరు వచ్చిందట.

ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. అర్జెంటీనా వెళ్ళడానికి నాకు వీసా కుదరలేదు. ఇంటర్నెట్టులో వినొచ్చుగా అంటారు. వినలేదు. రోజంతా పుర్రెలు కొలిచేదానికి చప్పుడుతో పనేముంది?

డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో సుజాతక్క వాళ్ళింట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. వాళ్ళది కరీంనగర్. అక్కకి ఊరికి ఆ చివరున్న శాండీఫోర్డ్‌లో ఉద్యోగం. నేను గుమ్మంలో కాలు పెట్టగానే అక్క మొదలుపెట్టేది. "ఏందే శ్రావణీ, పొద్దంత ఆ బొక్కలు పట్టుకుంటవ్. ముందుగాల తానం చేసి రాపో!" వాళ్ళ ఆరేళ్ళ మిన్ను మాత్రం "ఇట్స్ గ్రాండ్, అమ్మా" అని, అంటే ఇక్కడి మాటలో ఏం ఫరవాలేదని, నా ఒళ్ళోకి ఎక్కి కూర్చునేది.

నా థీసిస్‌లో అసలైన అధ్యాయం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గట్టి నేలలో తవ్వే జంతువుకి ముందు పళ్ళు గడ్డపారలా ముందుకి చొచ్చుకొచ్చి ఉండాలి. ఇసుక నేలలో తవ్వేదానికి అంత అవసరం లేదు. మా దగ్గర రెండు ట్రేల పుర్రెలున్నాయి. ఒకటి రాళ్ళ లోయది, ఒకటి ఇసుక లోయది. ఎప్పుడో ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఒకాయన పట్టుకొచ్చినవి. నా లెక్కల్లో మాత్రం అంతా తలకిందులైంది. ఇసుక లోయవాటికే పళ్ళు ముందుకున్నాయి.

మా పనిలో ఒక పద్ధతుంది. ప్రతి పుర్రెనీ మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు కొలవాలి, పాత అంకెలు చూడకుండా. రెండు విడతలు అయ్యాయి. రెండింట్లోనూ తలకిందులే.

ఇక్కడే నా తప్పు ఒప్పుకోవాలి. పురుగు పట్టకుండా ఏడాదికోసారి ట్రేలని డీప్ ఫ్రీజర్లో పెడతాం. తడికి పాడవకుండా లోయ పేరున్న కార్డులు ముందే తీసేస్తాం. ఏ కార్డుకి ఆ కార్డు విడి కవర్లో పెట్టాలి. కొలతలు మొదలుపెట్టకముందు ఒకసారి నేను రెండూ ఒకే కవర్లో పడేశాను. ట్రేలు బయటికి తీశాక ఏ ట్రే కార్డు ఆ ట్రేలోనే పెట్టాననుకున్నాను. పుర్రె మీదా, పాత రిజిస్టర్లోనూ ఉత్త నంబరే ఉంటుంది. ఏది ఏ లోయదో చెప్పేది ఆ కార్డొక్కటే.

మా గైడు మోరిన్ మంచావిడే. కానీ ఆ ఫలితం చూసి మెత్తగా ఒక ప్రశ్న అడిగింది. "కార్డులు తారుమారు కాలేదని నీకు ఖచ్చితంగా తెలుసా?" ఖచ్చితంగా తెలుసన్నాను. నాకు తెలియదు. పౌరుషానికి పోయి అన్నాను. ఆ మాట నన్ను వారాల తరబడి తినేసింది.

జంతువుల చర్మాలు దొరికితే గొడవే లేదు. ఒక్కోదాన్లో దూది కూరి, వెనక కాలికి నంబరూ లోయ పేరూ రాసిన చీటీ కడతారు. కానీ పురుగులు తినేశాయని ఎవరో ఎప్పుడో రిజిస్టర్లో రాసి పెట్టారు. నా స్కాలర్‌షిప్ ఆ అక్టోబరుతో ఆఖరు. ఈ అధ్యాయం పోతే పీహెచ్‌డీ లేదు, మాస్టర్స్ పట్టా చేతిలో పెట్టి పంపించేస్తారు. మోరిన్ దాచకుండా చెప్పేసింది.

జూన్‌లో మూడో విడత మొదలుపెట్టాను. మంగళవారం, పగలు పదకొండు గంటలు. పుర్రెలూ చర్మాలూ దాచే మా డిపార్టుమెంటు నేలమాళిగలో పై కిటికీలోంచి ఎండ పడుతోంది. పళ్ళు కొలిచే కాలిపర్ చేతిలో ఉంది.

టుక్... టుక్... టుక్. నెమ్మదిగా మొదలై వేగం పెరిగింది. మందపాటి బొంత కింద ఎవరో వేళ్ళ కణుపులతో కొడుతున్నట్టుంది. చెవుల కంటే ముందు అరికాళ్ళకి తెలిసింది. ఆగింది. మళ్ళీ వచ్చింది.

పైపులనుకుని పనిలో పడ్డాను.

బుధవారం అదే వేళకి మళ్ళీ. ఈసారి లేచాను. ఒక్కొక్కటీ తేల్చుకున్నాను. బయట రోడ్డు పని ఏమైనా జరుగుతోందా అని వెళ్ళి చూసొచ్చాను. లేదు. పై అంతస్తు గదికి తాళం. ఎలుకల బోనులు ఖాళీ. నేల తవ్వే మోల్ లాంటిదేమోనంటే ఐర్లండులో అసలు ఆ జంతువే లేదు.

ఆ గదుల బాగోగులు చూసే డెక్లన్‌ని పిలుచుకొచ్చాను. అరవై దాటిన మనిషి. విని, "పైపులే" అన్నాడు. తర్వాత ముఖం మారిపోయింది. రిపేరుకని పైపుల్లో నీళ్ళన్నీ సోమవారమే ఖాళీ చేయించింది అతనే.

చప్పుడు వెంట బీరువాల వరస చివరిదాకా నడిచాం. "చివరి ప్రెస్‌లోంచి వస్తోంది" అన్నాడు డెక్లన్. ఇక్కడివాళ్ళు బీరువాని ప్రెస్ అంటారు. అది ఐర్లండు కుందేళ్ళది, నా పనికి సంబంధం లేనిది. మూడేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. ఫోన్లో రికార్డు చేస్తూ అట్టడుగు సొరుగు మీద అరచెయ్యి ఆనించాను. చేతికి దెబ్బ తగులుతోంది. భయం వేసిందా అంటే వేసింది. ఎందుకు దాచాలి?

సొరుగు లాగాను. చప్పుడు టక్కున ఆగిపోయింది.

పైన కుందేలు చర్మాలు. వాటి కింద పాత న్యూస్‌పేపరు. పేపరు కింద రెండు వరసల్లో టుకో-టుకోలు, దూది కూరినవి, కాళ్ళకి చీటీలతో సహా. ఒక్క పురుగు లేదు. కదిలేది ఏదీ లేదు. నేను నేల మీద కూలబడి ఏడ్చేశాను. డెక్లన్ పాపం నా పక్కనే కూర్చుని "యు ఆర్ గ్రాండ్, యు ఆర్ గ్రాండ్" అంటూనే ఉన్నాడు.

చీటీల మీది నంబర్లు నా ట్రేలతో ఒక్కొక్కటీ సరిచూశాను. అన్నీ కలిశాయి. కార్డులు నేను సరిగ్గానే పెట్టాను! ఇంకో సంగతి. పుర్రెలకి గోళ్ళుండవు, చర్మాలకుంటాయి. రాళ్ళ లోయవాటి గోళ్ళు పొడుగ్గా, దిట్టంగా ఉన్నాయి. అవి పళ్ళని కాపాడుకుంటూ గోళ్ళతో తవ్వి ఉంటాయి. తలకిందులైన ఫలితమే నిజమన్నమాట. అధ్యాయం నిలబడింది.

సాయంత్రం ఆ రికార్డింగుని అర్జెంటీనాలో మా జంతువుల మీదే పనిచేసే వెరోనికాకి పంపాను. ఏమిటో చెప్పలేదు. అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. "మంచి మగది. బొరియకి అంత దగ్గరగా ఎలా వెళ్ళగలిగావు? ఇది ఏ ఊళ్ళో?"

ఫోన్ బల్ల మీద బోర్లించాను.

అసలు గొడవ తర్వాత మొదలైంది. చర్మాలు ఎలా దొరికాయో థీసిస్‌లో రాయాలి. "సొరుగులన్నీ వరసగా వెతుకుతుంటే దొరికాయని రాయి" అంది మోరిన్. నేను వెతకలేదన్నాను. రికార్డింగు వినిపించాను. ఇలాంటిది ఇంటర్నెట్టులోంచి ఎవరైనా తీసుకోవచ్చు, పరీక్షకులు అదే అంటారంది. నిజమే, అనొచ్చు. డెక్లన్ని సాక్షి సంతకం పెట్టమంటే తల అడ్డంగా ఊపాడు. విన్నమాట వాస్తవమేగానీ రిటైరయ్యే ముందు పిచ్చివాడనిపించుకోలేనన్నాడు.

సుజాతక్క ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది, వద్దన్నా వినకుండా. తీస్తూనే తిట్టింది. "వాళ్ళు చెప్పినట్టు రాసెయ్యరాదే! ఎవ్వలకేం నష్టం? పట్టా చేతికొస్తది."

నాకు నష్టం. తెలియనిదాన్ని తెలుసని ఒకసారి అన్నాను, ఆ పాపం చాలు. నా లెక్కల్ని నమ్మండి, గోళ్ళ సంగతి నమ్మండి అని అడుగుతూ, అదే పేజీలో ఒక అబద్ధం రాయనా? రాయనంటే రాయనన్నాను. మోరిన్ నాతో రెండు వారాలు ముభావంగా ఉంది. నేనూ మెత్తబడలేదు.

"ఒక చప్పుడు విని, అది వస్తున్న సొరుగు తెరవగా ఇవి కనిపించాయి." నేను రాసిన వాక్యం ఇదీ. దయ్యమని రాయలేదు. ఆత్మ అని రాయలేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గోళ్ళ గురించి గంటసేపు అడిగాడు. ఆఖర్న ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఏం చప్పుడని అడిగాడు. చెప్పాను. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే నయం. పాస్ చేశారు. చిన్న చిన్న దిద్దుబాట్లు చెయ్యమని ఒక జాబితా ఇచ్చారు. అందులో ఒకటి: ఈ వాక్యం తీసెయ్యాలి, లేదా చప్పుడుకి కారణం రాయాలి.

కారణం కోసం నేను వెతకలేదనుకోకండి. మరమ్మతు అయ్యాక పైపుల్లో నీళ్ళు నింపించి విన్నాను. సొరుగు ఖాళీ చేసి, మళ్ళీ నింపి, అదే వేళకి వారాల తరబడి అక్కడే కూర్చున్నాను. ఫోన్ని ఒక ఇంజనీరు స్నేహితుడి చేత పరీక్ష చేయించాను. ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. రాలేదని కొంచెం దిగులు కూడా వేసింది, నవ్వితే నవ్వండి.

మిగతా తప్పులన్నీ దిద్దాను. ఆ వాక్యం తీయలేదు. దాని పక్కన ఇంకోటి చేర్చాను: "దీనికి కారణం నాకు తెలియదు." మోరిన్ చదివింది, దిద్దుబాట్లు సరిపోయాయని సంతకం పెట్టింది.

ఇప్పటికీ తెలియదు. దయ్యమా అని అడిగితే కాదనే అంటాను. మరేమిటి అంటే నా దగ్గర జవాబు లేదు. లేదని అచ్చులో ఒప్పుకున్నాను, కింద నా పేరుంది. చెరిపెయ్యమని అడిగినవాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను, చెరపను.