ఆరు నిమిషాల అంకె

మొన్న తునిలో పాత ఇనుప సామాన్ల కొట్టులో ట్రాక్టరు ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే అవర్ మీటరు ఒకటి చేతికి తగిలింది. గ్రీజూ డీజిలూ కలిసిన ఆ వాసనకి నా పదేళ్ల వయసు గుర్తొచ్చింది.

అప్పట్లో మా చిన్న ట్రాక్టరు మీటరు ఆగిపోయింది. ఆ అంకె చూసే నాన్న ఇంజన్ ఆయిలు మార్చేవారు.

"పీకేసి, కన్నానికి బిరడా కొట్టేద్దాం అన్నయ్యా" అంటూ బాబాయి చెక్క బిరడా కూడా చెక్కేశాడు.

నేను ఒక్కరోజు గడువు అడిగాను. ఇంజన్ నుంచి మీటరుకి వచ్చే కేబులు కొస అరిగి జారిపోతోంది. దానికి సన్నటి రాగితీగ చుట్టి బిగించాను.

బండి నిలబెట్టే ఇంజన్ స్టార్ట్ చేయించి, గడియారం పట్టుకున్నాను. చివరి అంకె గంటలో పదోవంతు, అంటే ఆరు నిమిషాలకొకటి మారాలి. అరగంటకి ఐదు రావాలి. రెండే వచ్చాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంటమ్మాయ్, నీ మీటరు కునుకు తీస్తోందా?" అని బాబాయి స్క్రూడ్రైవరు తీశాడు.

"ముందు పొలం దమ్ము చేసొచ్చాక విప్పుదువుగానిలేరా" అన్నారు నాన్న.

గట్టు మీద గడియారంతో కూర్చున్నాను. బురదలో బండి జోరుగా తిరిగింది. అరగంటకి ఆపించి, పరుగెత్తి చూశాను. సరిగ్గా ఐదు!

"ఇది గంటలు చూడదు బాబాయ్! ఇంజన్ చుట్లు లెక్కెడుతోంది! నిలబెట్టినప్పుడు ఇంజన్ మెల్లగా తిరిగింది, అందుకే రెండు!"

నాన్న పెద్దగా నవ్వారు. బాబాయి జేబులోంచి బిరడా తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదిగోనమ్మా నీ ప్రైజు."

ఇప్పటికీ ఏ లెక్క తేడా వచ్చినా, అది అసలు దేన్ని లెక్కపెడుతోందో ముందు చూస్తాను. ఆ బిరడా నా బల్ల మీదే ఉంది.