సంచి మీద ఎర్ర రిబ్బను

హుకుంపేట సంతలో సత్యకుమారి పసుపు అమ్ముతుందని అందరికీ తెలుసు. ఆ పసుపు బుట్ట అడుగున హెచ్.ఐ.వి. మందుల సీసాలుంటాయని మాత్రం, ఆ మందులు మింగే నలభై మందికే తెలుసు. విదేశాల డబ్బుతో నడిచే ఒక సంస్థలో ఆమెది ఊళ్లు తిరిగే ఉద్యోగం. పసుపు ఆమె సొంత తెలివి. మాత్రలు గలగలమనకుండా సీసాలో దూది కుక్కుతుంది, పసుపు పొట్లంలో దాచి, గట్టిగా బేరమాడి మరీ చేతిలో పెడుతుంది. ఏడేళ్లలో ఒక్కరి గుట్టూ బయటపడలేదు. ఆఫీసు రిపోర్టుల్లో ఈ పసుపు ఊసే లేదు. అడిగి తెలుసుకునే బుర్ర అక్కడెవరికుంది గనక!

ఆ వారం విశాఖ నుంచి వినయ్ అనే ప్రాజెక్టు ఆఫీసరు దిగాడు. నలభై మందికి ఐదువందల సంచులు తెచ్చి ఆమె బుట్ట పక్కన కుప్ప పోయించాడు. తక్కువైతే ప్రెస్సువాడు అచ్చెయ్యనన్నాడట. ఒక్కో సంచి మీద జానెడు ఎర్ర రిబ్బను, అచ్చం ఆస్పత్రి గోడ మీద ఎయిడ్స్ గుర్తుగా వేసి ఉన్నదే.

"మందు ఈ సంచిలో పెట్టి ఇవ్వు. సంచితో ఫోటో తియ్యి. ఫోటో లేకపోతే మందు లేదు. డోనర్స్‌కి విజిబిలిటీ కావాలి," అన్నాడు.

"ఆళ్లు ఎవులికీ కనబడకూడదనే కద బాబూ మనం ఈ పని సేత్తన్నది?"

"నీకర్థం కాదులే," అని బొంగు చికెన్ తినడానికి పోయాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఇలాంటివాళ్లని చూసే అని ఉంటారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. అంతలో ఆ నలభై మందిలో ఒకతైన అచ్చియమ్మ వస్తూ కనిపించింది, చంకలో ఏడాది బిడ్డ, పక్కనే అత్త దేముడమ్మ. కొడుకు మామూలు జ్వరంతో పోయాడనే దేముడమ్మ ఇప్పటికీ అనుకుంటోంది. అసలు జబ్బు తెలిస్తే బిడ్డని లాక్కుని కోడల్ని ఆ పూటే గెంటేస్తుంది. ఆ సంచి ఒక్క అచ్చియమ్మ భుజానే కనబడితే తెలియడానికెంతసేపు?

సత్యకుమారి లేచి నిలబడి కేకేసింది. "సంచులు! ఊరికే ఇత్తన్నారు, బేగి రండి!"

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే లోకం. ఎగబడ్డారు. కిరాణా పైడిరాజుకి రిబ్బను సంగతి బాగా తెలుసు, అయినా పది పట్టుకుపోయాడు. పాస్టరు బైబిలు పెట్టుకున్నాడు. ఒక సంచిలోంచి కోడిపుంజు తల బయటపెట్టింది. దేముడమ్మ అందరినీ తోసుకొచ్చి రెండు లాక్కుంది, ఒకదాంట్లో ఎండుచేపలు కుక్కి కోడలి భుజాన తగిలించింది. అచ్చియమ్మ పసుపు బేరమాడింది. మందున్న పొట్లం అత్త కళ్లెదుటే ఎండుచేపల మీద పడింది.

"ఇంత రేటేటి? దోపిడీ," అని దేముడమ్మ గొణిగింది.

వినయ్ మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి సంతంతా ఎర్ర రిబ్బన్లే. అతని మొహం పాలిపోయింది. "ఇందులో మన పేషెంట్లెవరు? ఫోటోలెవరివి తియ్యాలి? నీ ఉద్యోగం ఉండదు, చెప్తున్నా."

"తీసేయండి బాబూ. వచ్చే నెల మందులు మీరే పంచిపెట్టండి. ఒక్క మొకమైనా గురుతుందా మీకు?"

అప్పుడే అచ్చియమ్మ అతని మోచెయ్యి రాసుకుంటూ వెళ్లింది. ఎండుచేపల వాసనకి వినయ్ ముక్కు మూసుకుని, పక్కకి జరిగి దారిచ్చాడు.