సెల్యూట్ కొట్టొద్దని చెప్పిన పాఠం

ఎండాకాలం. వరంగల్‌లో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఏ కోర్టో పేరు చెప్పను, ఉద్యోగాలు చేసుకునేవాళ్లున్నారు. సైన్యం నుంచి రిటైరైన నన్ను, కోర్టు కాపలా పోలీసులకు శిక్షణ ఇమ్మని పిలిచారు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి గురువుగా పంపారంటే, ప్రభుత్వానికీ వేళాకోళం తెలుసన్నమాట.

గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ నిలబెట్టి ఉంది. దానికి టిఫిన్ డబ్బాలు వేలాడుతున్నాయి.

"ఇది మోగుతదా అన్నా?" అని హెడ్ కానిస్టేబుల్‌ను అడిగాను.

"ఎన్నడు మోగలే సార్. గని జర భయానికుంటది."

"ఎవలకు?"

"మాకే."

పది మంది సిబ్బంది. లాఠీలు, రెండు రైఫిళ్లు, ఒక వాకీటాకీ. కాపాడవలసింది జడ్జి మేడంను. ఒక హత్య కేసులో తీర్పు దగ్గరపడింది. శిక్ష వేయాలని చూస్తే చంపుతానని ముద్దాయి తమ్ముడు కోర్టు మెట్ల మీదే అరిచాడు. అరెస్టయ్యాడు. బెయిలు మీద బయటికొచ్చాడు.

మొదటి రోజే లోపం కనిపించింది. మేడం కారు దిగగానే బంట్రోతు "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ ముందు నడుస్తాడు. పోలీసులందరూ ఆమె వైపు తిరిగి సెల్యూట్ కొడతారు. పది వీపులూ జనం వైపు. ఎదుటివాడికి ఇంత మర్యాదగా వీపు అప్పజెప్పే దళాన్ని నేను సరిహద్దులో కూడా చూడలేదు.

"మేడం మిమ్ముల పొడువదు," అన్నాను. "పబ్లిక్‌ను చూడుండ్రి. చేతులు చూడుండ్రి. సెల్యూట్ వద్దు."

"కొట్టకుంటే మెమో ఇస్తరు సార్," అన్నాడు హెడ్.

"కొడితే ఏమిస్తరు?"

"ఏమియ్యరు. గదే లాభం."

అందరూ నవ్వారు. అయినా నేర్చుకున్నారు. అందరికంటే బాగా నేర్చుకున్నది ఒక మహిళా కానిస్టేబుల్. వర్ధన్నపేట అమ్మాయి. మేడం పక్కనుంచి నడిచినా ఆమె కళ్లు జనం మీదే ఉండేవి. ఒక ఉదయం మేడం వెంట పోలీసు పై అధికారి వచ్చాడు. ఈమె చెయ్యి లేవలేదు. సాయంత్రానికి మెమో. మరునాడు ట్రాఫిక్ డ్యూటీ.

అది నా పాఠమేనని అధికారికి చెప్పాను.

"మీది ఆర్మీ. ఇది డిపార్ట్‌మెంటు," అన్నాడు. "ఇక్కడ డిసిప్లిన్ ఉంటది."

నవ్వు రావలసిన మాటే. రాలేదు.

ఆమె సంచి సర్దుకుంటూ, "చౌరస్తాల గూడ పబ్లిక్ ఉంటరు గద సార్. ఆళ్లనే చూసుకుంట," అంది.

మిగిలినవాళ్లకు నా పాఠం అవసరం లేకపోయింది. మళ్లీ అందరి చేతులూ లేవడం మొదలైంది. మేడం భద్రత గురించి రెండుసార్లు పైకి చెప్పాను. చూస్తామన్నారు.

తీర్పు రోజు గాలి కదలలేదు. కారు గేటు దాటుతుంటే అక్కడి కానిస్టేబుల్ దాని వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు. ముద్దాయి తమ్ముడు అతని వెనకనుంచి లోపలికి దూరాడు. నేను వరండా చివరన ఉన్నాను. మేడం మెట్లెక్కుతున్నారు. చేతులన్నీ నుదుళ్ల దగ్గర ఉన్నాయి.

"ఎనుకకు చూడుండ్రి! ఎనుకకు!" అని అరిచాను. పరుగెత్తాను.

వాణ్ణి కింద పడేసింది నేనే. అప్పటికే కత్తి దిగింది. దవాఖానకు చేరేలోపే మేడం పోయారు.

హసన్‌పర్తిలో మా ఇంటికి తిరిగొచ్చాను. "బార్డర్ ముచ్చట్లు చెప్పు మామా," అని వాడకట్టు పిల్లలు అడుగుతారు. మంచులో మా వంటవాడి తిప్పలు చెప్పి నవ్విస్తాను. అవే కథలు, అదే నవ్వు. వాళ్లు లేచి వెళ్లాక మాత్రం ఆ మెట్లే కనిపిస్తాయి. మేడం పక్కకు ఒరిగి పడి ఉన్నారు. ఎదురుగా హెడ్ కానిస్టేబుల్ నిటారుగా నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి ఇంకా సెల్యూట్‌లోనే ఉంది. దించమని ఎవరూ చెప్పలేదు.