ఓడ పనికి ఒక బకెట్టు మంచినీళ్ళు

ఓడలో పని కావాలని నేను మొత్తం మూడు అర్జీలు రాశాను. మొదటి రెండూ మద్రాసులోని ఓడ కంపెనీకి చేరాయో, దారిలో ఏ టపా సంచిలో నలిగి చచ్చాయో నాకు తెలియదు. మూడోదానికి మాత్రం జవాబు వచ్చింది. అప్పటికి ఉగాది ఇంకా ఇరవై రోజులుంది. ఆలోగా పని దొరక్కపోతే నేను మా ఊరి పెద్దకాపు కొట్టంలో జీతగాడిగా చేరాలి. మా నాయన అప్పటికే మాట ఇచ్చి వచ్చాడు. మా వైపు జీతాలు ఉగాదికి మొదలై మళ్ళీ ఉగాదికి తీరతాయి. ఒకసారి చేరితే ఏడాది పొడుగునా వాళ్ళ ఎద్దులకూ మనకూ పెద్ద తేడా ఉండదు. నాయన అట్లాంటి ఉగాదులు ముప్ఫై దాకా చూశాడు. నాకు ఒక్కటి కూడా చూడాలని లేదు.

మాది పెద్దారవీడు పక్క పల్లె. ఊరి బయట మా పేటలోని ప్రార్థన బడిలో అయిదో తరగతి దాకా చదివాను. పదిహేనో ఏట గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఉన్న అడవి బంగళాలో వంటింటి పనికి కుదిరాను. అక్కడి బట్లరు నెల్లూరు వైపు మనిషి. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆరేళ్ళలో ఆయన నాకు గుడ్లు నాలుగు రకాలుగా వండడమూ, బల్ల మీద ముళ్ళ చెంచా ఏ పక్కన పెట్టాలో, నాలుగు ఇంగ్లీషు ముక్కలూ నేర్పాడు. ఒక చలికాలం దొర ఉద్యోగం చాలించుకొని ఇంగ్లండు సీమకు వెళ్ళిపోతూ నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. నేను శుభ్రమైనవాణ్ణనీ, దొంగతనం చెయ్యననీ అందులో ఉంది. కొత్త దొర తన మనుషులను తానే తెచ్చుకున్నాడు.

బట్లరు మామ మూట కట్టుకుంటూ నాకొక దారి చెప్పాడు. "రంగూను పొయ్యే స్టీమర్లలో మనబోటోళ్ళకి పనుంటాదిరా. అయితే మూడు ఉండాల. దొర కాగితం ఒకటి, ఇంగ్లీషు ముక్కలు రెండు, ఈత మూడు. ఈత రానోణ్ణి ఓడ గడప కూడా తొక్కనీరు."

ఆయన జన్మలో ఓడ ఎక్కలేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది వేదవాక్కు. కాగితం ఉంది, ఇంగ్లీషు కొంచెం ఉంది. ఈత ఒక్కటే లేదు.

ఊళ్ళో మోటబావులు ఉన్నాయి. ఎండాకాలం పెద్దకాపు పిల్లలు వాటిలో దూకి కేకలు పెట్టేవాళ్ళు. మా పేటవాళ్ళం ఆ గట్టు మీద చెయ్యి పెట్టడమే తప్పు, ఇంక దిగడమా! మంచినీళ్ళ బావి దగ్గరా అదే కథ. అమ్మ పొద్దున్నే కడవ తీసుకుపోయి దూరంగా నిలబడేది. నీళ్ళు చేదుకునే అమ్మలక్కల్లో ఎవరికి మనసు పుడితే వాళ్ళు ఒక బొక్కెన పోసేవాళ్ళు. ఒక్కోరోజు కడవ తొందరగా నిండేది. ఒక్కోరోజు పొద్దు నడినెత్తికి వచ్చినా సగం కూడా నిండేది కాదు. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకొని నేనూ అక్కడ నిలబడ్డాను. అప్పటినుంచీ ఒకరి ముందు నిలబడి అడగడమంటే నాకు ఒళ్ళు మంట.

అట్లా వచ్చిన నీళ్ళను అమ్మ నెయ్యి వాడినట్లు వాడేది. అంట్లు తోమేటప్పుడు ముందు ప్రతి పళ్ళెంలో గుక్కెడు నీళ్ళు తిప్పి, ఆ మెతుకుల నీళ్ళను కుడితి తొట్టిలో మా ఎనుముకు పోసేది. తర్వాత జల్లించిన బూడిదతో, బీరపీచుతో పొడిగా తోమి గుడ్డతో తుడిచేది. ఆపైన రెండు గిన్నెలు. మొదటి గిన్నెలో ముంచి, రెండో గిన్నెలో తేల్చేది. మొదటిది మురికి అయితే సొరపాదుకు పోసి, రెండోదాన్ని మొదటి చోటికి జరిపేది. చుక్క నేల మీద పడితే నా వీపు మీద ఒకటి పడేది. ఆ పీనాసితనం చూస్తే నాకు సిగ్గు. బంగళాకు పీపాల బండి మీద నీళ్ళు వచ్చేవి. మొదటిరోజే బట్లరు మామ "ఇదేమన్నా మీ పల్లె అనుకున్నావా? పొయ్యరా నీళ్ళు!" అని కసిరాడు. పోశాను. ఆరేళ్ళపాటు దొరబాబులా పోశాను. అమ్మ అలవాటు నా చేతుల్లోంచి పోయిందని గర్వపడ్డాను కూడా.

ఓడ మాట చెప్పగానే నాయన ఉలిక్కిపడ్డాడు.

"సముద్రం మీద బతుకేందిరా? కాలు పెట్టను నేల లేని చోట ఏం చేస్తావు?"

"కాలు పెట్టను మనకు నేల ఈడ మాత్రం యాడుంది నాయనా? అంతా పెద్దకాపుదే గదా."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం గెలిచాననే అనుకున్నాను. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఉగాది దాకా చూస్తా. ఆ పొద్దుకు నీ ఓడ రాకపోతే నువ్వు కొట్టంలో ఉండాల. నేను మాట ఇచ్చి వచ్చినా" అన్నాడు.

సరే, తాడో పేడో తేల్చుకుందామనుకున్నాను. కంభంలో మా మేనత్త ఇంట్లో దిగి, రోజూ చెరువుకు పోయాను. ఆ చెరువుకు ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. ఎవరు దిగారో కనిపెట్టేవాడూ ఉండడు. పది రోజులు నేను చెరువును మింగాను. పదకొండో రోజు తేలాను. చెవుల్లో నీళ్ళతో, ముక్కు మండుతూ, ఒడ్డున పడుకొని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అర్జీలు రాసిపెట్టింది మా బడి పంతులు. మార్కాపురం పలక మీద ఆయన ఇంగ్లీషులో రాస్తే, నేను దాన్ని తప్పు లేకుండా దిద్దుకొని, అప్పుడు కాగితం మీదికి ఎక్కించేవాణ్ణి. పలక అయితే తుడుచుకోవచ్చు, కాగితం పాడైతే మళ్ళీ మార్కాపురం నడవాలి. మొదటి రెండు అర్జీల నిండా బతిమాలడమే. పేదవాణ్ణి, తమ పాదాలే దిక్కు, తమ బిడ్డ లాంటివాణ్ణి అనే వరస. మూడోసారి పలక ముందు కూర్చున్నప్పుడు నాకు తిక్క రేగింది. తడిగుడ్డతో అదంతా తుడిచేసి, "నాకు ఈ పనులు వచ్చు, పిలిచి చూడండి అని మాత్రం రాయండయ్యా" అన్నాను.

"ఇంత పొగరుగా రాస్తే ఎవుడు పిలుస్తాడురా?"

"కాళ్ళు పట్టుకుంటే రెండుసార్లు పిలవలేదు గదా!"

పంతులు నవ్వి అట్లాగే రాశాడు. దానికే జవాబు వచ్చింది. ఫలానా రోజు ఉదయం మద్రాసు హార్బరులో ఓడ దగ్గరికి వచ్చి కనపడమని ఒక్క ముక్క.

దొర కాగితం నలక్కుండా రెండు పలకల మధ్య పెట్టి దారంతో కట్టాను. మా వాళ్ళకు విలువైన కాగితం ఉంటే దాచుకునే పద్ధతి అదే. మార్కాపురం స్టేషనులో బండి ఎక్కి, గుంటూరులో, తెనాలిలో మారి మద్రాసు చేరాను. సముద్రాన్ని చూశాక మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఇన్ని నీళ్ళు పెట్టుకొని మా అమ్మను మధ్యాహ్నం దాకా నిలబెడతావా దేవుడా అనుకున్నాను. దోసిట పట్టి నోట్లో పోసుకొని వెంటనే ఉమ్మేశాను. ఉప్పని బడిలో చదివినదే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

ఓడ వంటింటి ముందు మేం ఏడుగురం నిలబడ్డాం. మిగతా ఆరుగురూ మద్రాసు వాళ్ళు, రేవుల వాళ్ళు. వాళ్ళకు బూట్లు ఉన్నాయి. నాకు లేవు. కుర్చీలో ఒక దొర, పక్కన హెడ్ బట్లరు. హెడ్ బట్లరు బందరు మనిషి కావడం నా అదృష్టం. నా పలకలు విప్పి కాగితం ఇస్తే దొర చదివి తల ఊపాడు. ఇంక ఈత సంగతి అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. ఉండబట్టలేక నేనే "అయ్యా, నాకు ఈత వచ్చు" అన్నాను.

హెడ్ బట్లరు నన్ను పైనించి కిందికి చూశాడు. "నడిసముద్రంలో పడితే ఎక్కడికని ఈదుతావయ్యా? రంగూనుకా?"

అందరూ నవ్వారు. కంభం చెరువులో నేను మింగిన నీళ్ళన్నీ వృథా అయిపోయాయి.

తర్వాత పరీక్ష. ఒక్కొక్కరి ముందు పులుసు, కొవ్వు ఎండిపోయిన ఎనామిల్ పళ్ళాలు ఒక దొంతర, రెండు గిన్నెలు, ఒక బకెట్టు మంచినీళ్ళు పెట్టారు. కడగమన్నారు. నేను బంగళా పద్ధతిలో దర్జాగా మొదలుపెట్టాను. అయిదారు పళ్ళాలయ్యేసరికి బకెట్టు సగమైంది. పక్కవాడు తనది ఖాళీ చేసి ఇంకో బకెట్టు అడిగాడు.

"ఇంకో బకెట్టు లేదు. ఇంతే" అన్నాడు హెడ్ బట్లరు.

దొంతర చూశాను, బకెట్టు చూశాను. కళ్ళ ముందు పెద్దకాపు కొట్టం, ఎద్దుల పేడ, ఏడాది పొడుగునా నాయన వెనకాల నేను. చస్తే పోను అనుకున్నాను. అప్పుడు గుర్తుకు వచ్చింది అమ్మ. లేచి పొయ్యి దగ్గరికి పోయి బూడిద తీశాను. బొగ్గు బూడిద, గరుకు. తువ్వాలు కొసలో వేసి జల్లించాను. ప్రతి పళ్ళెంలో గుక్కెడు నీళ్ళు తిప్పి ఆ మెతుకుల నీళ్ళను ఒక పాత డబ్బాలోకి వంచాను. పొడి బూడిదతో తోమి తుడిచాను. మొదటి గిన్నె, రెండో గిన్నె. మురికైతే జరపడం. ఆరేళ్ళు మరిచానన్నది చేతులకు అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. దొంతర పూర్తయ్యేటప్పటికి బకెట్టు అడుగున రెండు చెంబుల మంచినీళ్ళు మిగిలాయి. మిగతావాళ్ళు ఎప్పుడో చేతులు ముడుచుకొని నిలబడ్డారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. చెయ్యి పాత దారిన పడితే నోరూ పడింది. మెతుకుల నీళ్ళ డబ్బా రెండు చేతులా పట్టుకొని హెడ్ బట్లరు ముందుకు పోయాను.

"అయ్యా, కుడితి తొట్టి యాడుంది?"

ఆయన నోరు తెరిచాడు. "ఏమిటీ?"

"కుడితి. ఎనుములకు యాడ పోయాల?"

"ఓడలో కుడితి ఎవరు తాగుతారయ్యా, నువ్వా, నేనా?"

ఆ నవ్వులకు ఓడ ఊగిందేమో అనిపించింది. నేను డబ్బాతో సహా కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడిపోయాను. చుట్టూ సముద్రం, నా చేతిలో ఎనుముకు కుడితి! అయిపోయింది, ఉగాదికి కొట్టమే అనుకున్నాను. నవ్వు ఎందుకని దొర అడిగితే హెడ్ బట్లరు కళ్ళు తుడుచుకుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. దొర నవ్వలేదు. లేచి వచ్చి నా బకెట్టులోకి తొంగి చూశాడు. ఒక పళ్ళెం తీసి వేలితో రుద్ది చూశాడు. ఏదో అడిగాడు.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నావంటున్నారు. బంగళాలోనా?" అన్నాడు హెడ్ బట్లరు.

అవునంటే సరిపోయేది. బంగళా పేరుకు విలువ ఉంది. కాని నాకు ఎక్కడలేని పట్టుదల వచ్చింది.

"కాదయ్యా. మా అమ్మ దగ్గర."

వాళ్ళిద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత హెడ్ బట్లరు నా వైపు తిరిగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "పళ్ళాలు కడగడానికి కాదు నిన్ను తీసుకునేది. డెక్కు మీద పోయే జనమంతా తాగేది ఓడ టాంకులో ఉన్న నీళ్ళే. ముందున్నవాడు సగం దారిలోనే అడుగంటించాడు. టాంకు తాళం నీకిస్తారు. పొద్దునా సాయంత్రం అందరికీ కొలిచి పొయ్యాలి. ఉగాది పోయిన మూడో రోజు ఓడ కదులుతుంది, ఇంట్లో చెప్పి రా."

ఇంటికి వచ్చేటప్పటికి ఉగాది ఇంకా నాలుగు రోజులుంది. సంగతి విని నాయన కర్ర తీసుకొని, తానిచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి పెద్దకాపు ఇంటివైపు నడిచాడు. అట్లాంటి పనికి ఆయన పోవడం నేను చూడటం అదే మొదలు. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

అమ్మ అప్పుడే బావి దగ్గరనుంచి వచ్చింది. కడవ ముప్పాతిక నిండింది. దించి, నా పని ఏందో అడిగింది. చెప్పాను.

"నువ్వు పోస్తావా నీళ్ళు?"

"నేనేనమ్మా. తాళం నా దగ్గరే."

"అందరికీనా? కాపోళ్ళకూ, కోమటోళ్ళకూ?"

"అందరికీ."

"తాగుతారా నీ చేత?"

"నడిసముద్రంలో ఇంకెవరు పోస్తారమ్మా?"

అమ్మ కడవ మీద మూత పెట్టింది. నవ్వుతుందనుకున్నాను, నేనే ముందు నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. చెంగుతో మెడ తుడుచుకొని, నా చెయ్యి పట్టుకుంది.

"ఎవుర్నీ నిలబెట్టొద్దు నాయనా" అంది. "వచ్చినోళ్ళకు వచ్చినట్ల పోసి పంపించు."