మావయ్య ముందుకి గేరు వేసిన రోజు

నేను చెప్పబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. కావాలంటే బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను. మా అమ్మమ్మ ఉండి ఉంటే ఆ చేతి మీదే ఒక్కటి వేసేది, ఒట్లు పెట్టుకోవడమేవిట్రా అప్రాచ్యుడా అని. ఆవిడ ఇప్పుడు లేదు కాబట్టి ధైర్యంగా పెడుతున్నాను ఒట్టు. మా ఆవిడైతే నేనేం చెప్పినా సగం తీసేసి వింటుంది. మీరు ఈ ఒక్కసారికి ఏమీ తీసెయ్యకుండా వినండి.

నా చిన్నప్పుడు, కొల్లేరు పక్కన వరిచేలు ఒక్కొక్కటిగా చేపల చెరువులైపోతున్న రోజుల్లో, ట్రాక్టరు వెనక్కి నడపడంలో మా చిన్న మావయ్యని మించినవాడు అటు ఏలూరు నుంచి ఇటు గూడెం దాకా లేడు. ముందుకి నడపడం సంగతి నేను మాట్లాడను. అది ఎవడైనా నడుపుతాడు. వెనక ట్రక్కు తగిలించిన బండిని రివర్సులో, గీత గీసినట్టు తీసుకురావడం వేరే విద్య. స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రక్కు కుడికి పోతుంది. కుడికి తిప్పితే ఎడమకి పోతుంది. చెయ్యి కాస్త ఎక్కువ తిరిగిందా, ట్రక్కు మడతపడి ఇంజను పక్కకి వచ్చి కూర్చుంటుంది.

మావయ్యకి ఆ విద్య సరదాకి అబ్బలేదు. చేపలకి మేత తవుడు. ఆ తవుడు బస్తాలు తాతయ్యగారి ట్రాక్టరు మీద చెరువులకి తోలడం మావయ్య పని. చెరువు గట్టు మీద బండి వెళ్లడానికి చోటుంటుంది గాని, తిరగడానికి ఉండదు. అటు నీళ్లు, ఇటు నీళ్లు. బస్తాలు దింపేశాక వెళ్లిన దారినే వెనక్కి రావాలి. మావయ్య పొద్దస్తమానం అలా వెనక్కి వస్తూనే ఉండేవాడు. ఎంత మెత్తగా వచ్చేవాడంటే, ఖాళీ ట్రక్కు అంచు మీద వాలిన కొంగ రోడ్డెక్కేదాకా కునుకు తీసి, అక్కడ దిగి వెళ్లేది. నేను కళ్లారా చూశాను.

వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు నన్ను ఆ బండి ఎక్కించుకునేవాడు. నాకూ నేర్పమని ప్రాణం తీస్తుంటే, పాత రబ్బరు చెప్పులు కోసి చక్రాలు చేసి, రెండు చిన్న బళ్లు తయారు చేసి, ఒకదానికొకటి మేకుతో తగిలించి ఇచ్చాడు.

"ముందు బండి పట్టుకుని వెనకదాన్ని మంచం కిందకి తోలు చూద్దాం అల్లుడూ. అది వచ్చినరోజు నీకు స్టీరింగు ఇస్తాను," అన్నాడు.

ఆ సెలవులన్నీ నేను మంచాల కిందే ఉన్నాను. అమ్మమ్మ చీపురు పట్టుకుని వస్తే బయటికి వచ్చేవాణ్ణి, వెళ్లగానే మళ్లీ దూరేవాణ్ణి.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యి చేలు నెర్రెలిచ్చాక మా వైపు ఊళ్లలో ట్రాక్టరు రివర్సు పోటీలు పెట్టేవారు. బీడుపడిన చేలో వెదురుకర్రలు రెండు వరసలుగా, వంకర్లు తిరిగేలా పాతేవారు. ఆ రెండు వరసల మధ్య నుంచి ట్రక్కుతో సహా వెనక్కి వెళ్లి, చివర బస్తాలు పేర్చి కట్టిన గదిలో ట్రక్కుని దూర్చాలి. డ్రిల్లు మాస్టారొకాయన స్టాపువాచీ పట్టుకుని నిలబడేవాడు. ఎవరు తొందరగా దూరిస్తే వాళ్లది గెలుపు. కర్ర పడితే కాస్త సమయం కలిపేవారు. ట్రక్కు దారి తప్పితే ఆగి, ముందుకి గేరు వేసి, సరిచేసుకుని మళ్లీ వెనక్కి రావచ్చు. అది రూల్సు ప్రకారం తప్పు కాదు. కానీ అలా చేసినవాణ్ణి జనం బతకనిచ్చేవారు కాదు. "ఏవండోయ్, ఊరికెళ్లిపోతున్నారా? భోంచేసి వెళ్లండి!" అని కేకలు. అందుకని కర్రలన్నీ పడగొట్టినవాడైనా తలెత్తుకుని తిరిగేవాడు గాని, ముందుకి గేరు వేసినవాడు ఆ ఏడాదంతా ఆ ఊరి మొహం చూసేవాడు కాదు.

మావయ్య మొదటి పోటీలో ఆఖరివాడుగా వచ్చాడు. జనం కేకలకి స్టీరింగు ఎటు తిప్పాలో మరిచిపోయాడట. ఆ తరవాతి ఏడాది నుంచి ఓడింది లేదు. గెలిచిన స్టీలు బిందెలతో అమ్మమ్మ అటక నిండిపోయింది. ఒక గోడ గడియారం, ఒక టేబులు ఫ్యాను, ఒకసారి పొట్టేలు కూడా వచ్చాయి. పొట్టేలుని అమ్మమ్మ కృతజ్ఞతగా చర్చికి ఇచ్చేసింది. ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం తొందరగా ముగించారని నాకు బాగా గుర్తు.

ఒక ఏడు గూడెం దగ్గర పోటీకి వెళ్తుంటే దారిలో గేరు రాడ్డు రివర్సులో ఇరుక్కుపోయింది. ఇంకొకడైతే మెకానిక్కు కోసం వెళ్లేవాడు. మావయ్య పక్క బీడులో రివర్సులోనే ఒక చుట్టు తిప్పుకుని, అక్కడినుంచి గూడెం దాకా వెనక్కే నడిపాడు, నేను మడ్‌గార్డు మీద కూర్చుని ఉన్నాను. రైలు గేటు దగ్గర పోలీసాయన ఆపాడు.

"ఎక్కడికయ్యా?"

"గూడేవండీ."

"మరి మొహం ఏలూరు వైపు ఉందేం?"

"మొహం ఇంటివైపే ఉంటుందండి. పని మటుకు గూడెంలోనండి."

ఆయన కాసేపు బండినీ, మావయ్యనీ, గూడెం దిక్కునీ మార్చిమార్చి చూసి, ఇది ఏ సెక్షను కిందకి వస్తుందో తేలక గేటు ఎత్తించాడు. ఆ పోటీ కూడా మావయ్యే గెలిచాడు. పాపం, వేరే గేరు పడితే కదా ఓడిపోవడానికి.

ఇంట్లో ఇదంతా నచ్చనివాడు తాతయ్య ఒక్కడే. "దేవుడు కళ్లు ముందుకి పెట్టింది ముందుకి పొమ్మనే," అనేవాడు. అంతకుమించి అనేవాడు కాదు. కానీ ఒక వానాకాలంలో పక్క ఊరి కుర్రాడొకడు తడిసిన గట్టు మీద రివర్సు చేస్తూ ట్రాక్టరుతో సహా చెరువులో పడిపోయాడు. బండిని మర్నాడు లాగారు. మనిషి దక్కలేదు. అతను కూడా పోటీలకి వచ్చేవాడే, మావయ్య తరవాత పేరు అతనిదే. సమాధి తోట నుంచి వచ్చినరోజు నుంచి తాతయ్య మాట మారిపోయింది.

"వీళ్లకి ఆగడం తెలీదు. గట్టు మీద కూడా జనం చూస్తున్నారనుకుంటారు," అని అమ్మమ్మతో అనడం క్రిస్మసు సెలవుల్లో నేను విన్నాను.

తరవాత వేసవికి నేను వెళ్లేసరికి తాతయ్య ట్రాక్టరు అమ్మకానికి మాట్లాడేశాడు. కామవరపుకోట వైపు మెట్టరైతు ఒకాయన కొనుక్కుంటానన్నాడు. మావయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ బండి తప్ప అతనికి ఇంకో పని రాదు, ఇంకో పేరూ లేదు. చివరికి అమ్మమ్మ మధ్యలోకి వచ్చింది. ఆ ఆదివారం పెంటపాడు దగ్గర పోటీ ఉంది, అదయ్యేదాకా ఆగమంది.

"సరే. నేనూ వస్తాను, ఆ కొనే ఆయన్నీ అక్కడికే రమ్మంటాను. గెలిస్తే బండి ఇంటికొస్తుంది. ఓడితే అట్నుంచి అటే కామవరపుకోట వెళ్తుంది," అన్నాడు తాతయ్య.

"గెలుస్తాను నాన్నా," అన్నాడు మావయ్య. అప్పటికప్పుడే అన్నం పెట్టమన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మేము బయలుదేరాం. మావయ్య, నేను ట్రాక్టరు మీద, తాతయ్య బస్సులో. తాతయ్య ఆ పోటీలు చూడటానికి రావడం అదే మొదలు. మెట్టరైతు అప్పటికే వచ్చి ఉన్నాడు. మంచి మనిషి. బండి చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి చూసి, నా జేబులో పిప్పరమెంట్లు పోశాడు. నేను అవి తినలేదు. అమ్ముడుపోయినట్టే అవుతుందనిపించింది.

మావయ్య వంతు ఆఖరున వచ్చింది. అప్పటికి ముందున్నవాడు పెంటపాడు కుర్రాడే. వాడు రెండు కర్రలు పడగొట్టి కూడా మంచి టైము తెచ్చుకున్నాడు. మావయ్య ఒకసారి వెనక్కి తిరిగి ట్రక్కు చూసుకుని, కుడిచెయ్యి స్టీరింగు మీద వేసి, మొదలుపెట్టాడు. ఏం చెప్పమంటారు! మొదటి వంకర, రెండో వంకర, కర్రకీ ట్రక్కుకీ మధ్య జానెడు చోటు అటూ ఇటూ కాకుండా వెళ్లిపోయింది. పక్కన మైకులో మాట్లాడేవాడు మైకు వదిలేసి కుర్చీ ఎక్కి చూశాడు. ఒక్క కర్ర పడినా, రెండు పడినా గెలిచేటంత ముందున్నాడు.

ఆఖరి వంకర దగ్గర నేల కింద మెత్తన తగిలిందో ఏమో, ట్రక్కు ఎడమచక్రం కాస్త దిగింది. తోక పక్కకి జరిగింది. పెద్దగా కాదు. అలాగే తోసుకుపోతే ఒక కర్ర పడేది, అంతే. అందరికీ తెలుసది. జనం "పోనీ, పోనీ!" అని అరుస్తున్నారు. నేనూ అరిచాను.

మావయ్య ఆగాడు.

చెయ్యి గేరు రాడ్డు మీదకి వెళ్లడం కనిపించింది. "వద్దు మావయ్యా! వెయ్యకు!" అని గొంతు చించుకున్నాను. వేశాడు. అన్ని ఊళ్ల జనం చూస్తుండగా ముందుకి గేరు వేసి, నెమ్మదిగా ముందుకి వచ్చి, ట్రక్కు తిన్నగా అయ్యేదాకా వచ్చి, మళ్లీ రివర్సు వేశాడు. ఇక చూడండి కేకలు. "భోంచేసి వెళ్లండోయ్!" అని ఒకడు, "మీ ఆవిడ తలుపేసుకుందా?" అని ఇంకొకడు. మావయ్యకి అప్పటికింకా పెళ్లే కాలేదు. ఒక్క కర్రా కదపకుండా ట్రక్కు బస్తాల గదిలోకి వెళ్లి నిలబడింది. డ్రిల్లు మాస్టారు వాచీ చూసి తల అడ్డంగా ఊపాడు. ఓడిపోయాడు.

నేను పరిగెత్తుకెళ్లి మడ్‌గార్డు పట్టుకుని ఏడ్చాను. "ఒక్క కర్రే కదా! ఎందుకు ఆగావు?" అని అడిగాను.

మావయ్య మొహం తుడుచుకుంటున్నాడు. "నేను ఆగలేదురా అల్లుడూ. చెయ్యే వెళ్లిపోయింది. గట్టు మీద కర్రలుండవు కదా," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతనికీ అది వింతగానే ఉన్నట్టుంది. తరవాత తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుని తాతయ్య వైపు నడిచాడు.

నేను వెనకే వెళ్లాను. మావయ్య తాళం చాపాడు. తాతయ్య అది తీసుకోలేదు. మెట్టరైతు వైపు తిరిగాడు.

"ఏవీ అనుకోకండి. బండి అమ్మటం లేదండి," అన్నాడు.

"అదేవిటండీ, అబ్బాయి ఓడిపోయాడు కదండీ?"

"అందుకేనండి," అన్నాడు తాతయ్య.

బండి ఇంటికి వచ్చింది. మావయ్య ఆ తరవాత కూడా కొన్నేళ్లు పోటీలకి వెళ్లాడు, కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు. పవరు స్టీరింగు బళ్లు వచ్చాక ఇదేం మజా అని మానేశాడు. గట్ల మీద తవుడు తోలడం మాత్రం మోకాళ్లు సహకరించినన్నాళ్లూ మానలేదు. వానల్లో తడిసిన గట్టు మీద ఎన్నిసార్లు ఆగి ముందుకి వచ్చి ఉంటాడో నీళ్లకే తెలియాలి. ఇప్పుడు డెబ్బై దాటాయి. కుర్చీ కూడా వెనక్కి జరుపుకోకుండా కూర్చోడు.

నాకు స్టీరింగు ఇచ్చాడు గాని ఆ విద్య అబ్బలేదు. అబ్బింది వేరొకటి. ఏలూరులో మా ఇంటి సందులో నా కారు వెనక్కి తీస్తుంటే వెనక నాలుగు బళ్లు హారన్లు కొడతాయి. నేను ఆగి ముందుకి వేస్తాను. కొట్టుకోనివ్వండి. మా పెద్దమ్మాయితో ఏదో మాటన్నప్పుడు అది వంకర పోతోందని సగంలో తెలుస్తుంది. తెలిశాక కూడా తోసుకుపోవడమే తేలిక, ఆగితే ఇంటిల్లిపాదీ చూస్తారు. అప్పుడు చెయ్యి దానంతటదే వెళ్లాలని చూస్తాను. మావయ్యకి వెళ్లినట్టు ప్రతిసారీ వెళ్లదు. కొన్నిసార్లు వెళుతుంది.

ఇక ఒట్టు సంగతి. కొంగ నిజం. గూడెం దాకా వెనక్కి వెళ్లడం నిజం, ఆ పోలీసాయన రిటైరయ్యి ఎక్కడున్నా సాక్ష్యం చెబుతాడు. పొట్టేలు నిజం. కల్పించింది ఒక్కటే, తాతయ్య అన్న ఆ ఆఖరి మాట. "అందుకేనండి" అని ఆయన అనలేదు. అని ఉంటే బావుణ్ణని ఇన్నేళ్లుగా చెబుతూ చెబుతూ, నాకే వినబడటం మొదలైంది. రైతు అడిగినదానికి ఆయన అసలు ఏమీ అనలేదు. ఆ రైతుకి ఒక సోడా కొట్టించి, బస్సు దాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చి, బస్సు టిక్కెట్టు కొనుక్కోకుండా, పంచె పైకి కట్టుకుని, నా ఎదురుగా రెండో మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు. ఇల్లు చేరేదాకా మావయ్య ఒక్కసారి కూడా పక్కకి తిరిగి చూడలేదు. తాతయ్య చెయ్యి మటుకు దారంతా మావయ్య భుజం మీదే ఉంది.