పంటిగాటు పడ్డ ఉప్పు నక్షత్రం

మొన్న ఆదివారం మా మేనత్త అటక మీది రేకుపెట్టె దించమంది. మదనపల్లెలో చలి ముదిరి, వీధిలో నాలుగు ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలిగాయంటే ఇక ఆమెను ఆపలేం. పెట్టె తెరిస్తే దాల్చినచెక్క వాసన గుప్పుమంది. పిండితో చేసిన గంటలు, గొర్రెపిల్లలు, చందమామలు, ఒక్కొక్కటీ పాత చీరముక్కలో చుట్టి ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఒక నక్షత్రం. దానికి ఒక మొన లేదు. మొన పోయినచోట వరుసగా పళ్ల గాట్లు, వాటి నడుమ ఒకచోట గాటు పడని చిన్న గట్టు. దాన్ని మేం క్రిస్మస్ చెట్టుకు కట్టం, పారెయ్యం. ఏటా తీసి, తుడిచి, మళ్లీ చుట్టి పెడతాం.

ఈ బొమ్మల పని అత్త పెళ్లికి ముందు హాస్టల్ వంటగదిలో పనిచేస్తూ ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకుంది. రెండు గిన్నెల మైదాకు ఒక గిన్నె ఉప్పు, గుప్పెడు దాల్చినచెక్క పొడి. చపాతీ కర్రతో ఒత్తి, గాజుతో గుండ్రాలు, కత్తిమొనతో నక్షత్రాలు కోయాలి. గొర్రెలకు లవంగాల కళ్లు, గంటలకు నడుమ అనాస పువ్వు. అత్తకు ఓవెన్ లేదు కాబట్టి వడియాల్లాగా మూడు దినాలు ఎండలో పెట్టి, పొద్దునా సాయంత్రం తిప్పేది. అంత ఉప్పు ఉంటే చీమ కూడా ముట్టదు. మా అవ్వకు మాత్రం ఇదంతా కడుపుమంట. "తినేదానికి పనికిరాని పిండికి ఇంత లవంగమా? అదే బిర్యానీలో ఏసుంటే ఊరంతా మెచ్చుకునుండును" అని ఏటా అనేది. అంటూనే గొర్రెలకు కళ్లు గుచ్చేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, పండగ సెలవులకు నన్ను రామకుప్పం వైపున్న అత్త ఊరికి పంపారు. అప్పటికే నేను మాటలు తక్కువ పిల్లను. నోరు విప్పకపోతే చేతితోనైనా చెబుతుందేమోనని నాన్న ఆ ఏడే నాకు డైరీ కొనిచ్చాడు. అత్త ఇల్లు రాగిచేల అంచున, ఊరికి కొంచెం ఎడంగా ఉండేది. మామ పశువుల దళారి, పుంగనూరు సంతకు పోయి వచ్చేవాడు. ఆయనకు పైవరుసలో ముందు పన్ను ఒకటి లేదు. చేలోకి వచ్చిన ఏనుగు తరిమితే పడి ఊడిందని ఊరూరా నోరు తెరిచి చూపించి మరీ చెప్పేవాడు. తాగి బండి మీదనుంచి పడ్డాడని అత్త నా చెవిలో చెప్పి నవ్వింది. ఆ ఇంట్లో అత్త నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

ఆ రోజు పొద్దున పిండి కలిపి, మధ్యాహ్నానికి పళ్లెం నిండా నక్షత్రాలు కోశాం. ఎండకు పెట్టబోతుంటే మామ వచ్చాడు. సారాయి వాసన ఆయనకంటే ముందే లోపలికి వచ్చింది. పళ్లెంలోంచి ఒక నక్షత్రం తీసి, బిస్కెట్టనుకుని కొరికాడు. మరుక్షణం తుపుక్కున ఉమ్మి, మిగిలినదాన్ని విసిరికొట్టాడు. అది నా ఒళ్లో పడింది.

"ఏందే ఇది? ఉప్పుగడ్డ పెట్టి నన్ను సంపుదామనుకుంటివా?"

"తినేది కాదు. చెట్టుకు కట్టేది."

"మొగుడికి కూడు లేదు, చెట్టుకు పిండా?"

చపాతీ కర్ర అత్త చేతిలోంచి లాక్కున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోదానికి ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. పచ్చి చెరుకు విరిచినట్టు చప్పుడైంది. గాజులు పగిలి నేలంతా చిందాయి. ఆమె కిందపడ్డాక జుట్టు పట్టుకుని గడపదాకా ఈడ్చి, కాలితో కడుపులో తన్నాడు. పళ్లెం తలకిందులు చేసి, ఒక్కో నక్షత్రాన్నీ మడమతో నూరాడు, తేలును చంపినట్టు. అత్త అరవలేదు. నేనూ అరవలేదు. ఆమె ఎందుకు అరవలేదో ఇప్పుడు తెలుసు. నేనెందుకు అరవలేదో మాత్రం ఇన్నేళ్ల డైరీల్లో ఎక్కడా రాయలేకపోయాను. రాగుల డ్రమ్ము వెనక నక్కి, ఆ కొరికిన నక్షత్రాన్ని గౌను జేబులో పెట్టుకుని, ఆయన బండి చప్పుడు దూరమయ్యేదాకా కదలలేదు. తర్వాత పొరుగింటికి పరిగెత్తి, ఆ ఇంటామె కొంగు పట్టి లాక్కొచ్చాను.

కుప్పం ఆసుపత్రిలో అత్త చేతికి కట్టు వేశారు. అవ్వ, నాన్న వచ్చారు. ఏం చెయ్యాలో తోచక నేను జేబులోని నక్షత్రాన్ని వార్డు కిటికీలో ఎండకు పెట్టి, అత్త నేర్పినట్టే పొద్దునా సాయంత్రం తిప్పాను. మూడు దినాలకు రాయి అయింది.

నాలుగోరోజు కుప్పంలో చర్చి అయ్యగారి ఇంటి వరండాలో సంఘం పెద్దలు కూర్చున్నారు. మామ తలంటుకుని, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. "నేనా దినం పొద్దున్నుంచీ పుంగనూరు సంతలో ఉండా అయ్యగారూ. ఇది కాలుజారి రోటిమీద పడిండాది" అన్నాడు. అత్త జరిగింది చెప్పింది. "సూసినోళ్లు లేరు కదమ్మా" అన్నారు పెద్దలు. పొరుగామె చూసింది పడి ఉన్న మనిషినే. చివరికి అయ్యగారు నిట్టూర్చి, "పండగ ముందర ఇల్లు ఇడగొట్టుకోవద్దమ్మా. ఈ పూటే ఇంటికి పో, నేనొచ్చి ప్రార్థన సేస్తా" అన్నారు. అత్త సంచి తీసుకుని లేచింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను లేచి, ఆ నక్షత్రాన్ని అయ్యగారి ముందున్న బల్ల మీద పెట్టి, వేలితో గట్టును చూపించి, తర్వాత మామ నోటివైపు చూపించాను.

అత్త ఆ గట్టును చూసి ఆగిపోయింది. "అయ్యగారూ, ఈ పిండి నేనా పొద్దే కలిపినా. తెల్లారితే బిగుసుకుంటాది, పన్ను దిగదు. సంతలో ఉన్నోడు ఎట్ల కొరికినాడో అడగండి."

అవ్వ మామ ఎదుటికి పోయి నిలబడింది. "అల్లుడా, ఒకపారి నోరు తెరువప్పా."

"యాల తెరవాల?"

"ఏనుగు కత సెప్పేటప్పుడు బాగా తెరుస్తాంటివే!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వింది.

ఆ నవ్వుకు ఆయన తట్టుకోలేకపోయాడు. నక్షత్రం కోసం బల్ల మీదికి దూకాడు. నేను రెండు చేతులతో దాన్ని కప్పాను. ఆయన పిడికిలి నా మూతి మీద పడింది. నా పన్నే నా పెదవిలో దిగి, బల్ల మీద నెత్తురు చుక్కలు రాలాయి. అంతమంది చూస్తుండగా. నాన్న ఆయన్ని గోడకేసి గుద్దాడు. పెద్దలు ఇద్దరినీ విడదీసేసరికి రెండు కుర్చీలు విరిగాయి. అయ్యగారు తెల్లబోయిన ముఖంతో అవ్వతో ఒకే మాట అన్నారు: "నీ బిడ్డను మదనపల్లెకు పిలుసుకుపోమ్మా."

ఆ రాత్రి డైరీలో నేను రాసింది ఒక్క వాక్యం: "ఈరోజు నక్షత్రం బాగా ఎండింది."

అత్త మళ్లీ ఆ ఊరు పోలేదు. ఎడమచెయ్యి పూర్తిగా చాపడం ఆమెకు ఇప్పటికీ కుదరదు, అందుకని ఇప్పుడు పిండి ఒత్తేది నేను, కోసేది ఆమె. మొన్న ఆ నక్షత్రాన్ని తుడుస్తూ ఆమె నా పెదవి మీది మచ్చను బొటనవేలితో తడిమి, "ఇంక దీన్ని పారేద్దామా మే?" అంది. వద్దన్నాను. ఆమె కూడా ఉత్తినే అడిగింది. గాజులు వేసుకోని చేత్తో చీరముక్క చుట్టి, పెట్టె అడుగున పెట్టింది. కాలం గడిచేకొద్దీ అన్నీ మెత్తబడతాయంటారు. మా ఇంట్లో ఇదొక్కటి ఏడాదికేడాది ఇంకా గట్టిపడుతోంది.